బొటనవేలంత కొసరు

మా కొట్లో గజం అంటే ఉత్త గజం కాదు. గజమూ, దాని మీద ఒక బొటనవేలి వెడల్పూ. బల్ల అంచుకు కొట్టిన ఇత్తడి పట్టీ మీద గుడ్డ పరిచి, చివర బొటనవేలు ఆనించి, వేలికి అవతల కత్తెర పెడతాను. మా అమ్మ అలాగే కోసేది. ఆమెకు పని నేర్పిన ముసలాయనా అలాగే కోసేవాడట. మీటర్లు వచ్చాయి, ఇత్తడి పట్టీ పక్కన ఇంకో పట్టీ చేరింది, వేలు మాత్రం పోలేదు. క్లెగ్డెన్ బజారులో ఆ కొసరు ఇవ్వని గుడ్డల కొట్టు రెండో ఏడు చూడదు. కాబట్టి అది దయ కాదు, వ్యాపారం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ వేలి అలవాటు వల్లనే నేను కోర్టు మెట్లెక్కాను.

మా అమ్మాయి టెస్సాకు పద్నాలుగేళ్లు. నిరుడు సెప్టెంబరు నుంచి బడి ఉన్న రోజు పొద్దున్నే దానికి కడుపు మెలిపెట్టేది. శనివారం ఉండేది కాదు, ఆదివారం సాయంత్రం మళ్లీ మొదలయ్యేది. నటన అయితే నాకు తెలుస్తుంది. వాడి, ఉతికి, చింపి తెచ్చిన గుడ్డను బల్ల మీద పెట్టి, కొన్నప్పుడే ఇలా ఉంది అనేవాళ్ల మొహాలను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. టెస్సా మొహం అలాంటిది కాదు. పెదవులు తెల్లబడేవి. బకెట్ పట్టుకుని మెట్ల మీద కూర్చునేది.

బడివాళ్లు డాక్టరు చీటీ తెమ్మన్నారు. డాక్టరు దగ్గర కిటికీలో కూర్చునే ఆవిడ, "బడికి చీటీలు రాయం అమ్మా, బడివాళ్లకు తల్లి మాట చాలు" అంది. ఆ మాటే బడికి చెబితే, "తల్లి మాట చాలదండీ, డాక్టరు చీటీ కావాలి" అన్నారు. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారి కిటికీ ఆవిడ నన్ను చూడగానే గాజు తలుపు జరిపేసింది.

చేతనైన ఉపాయం నేను చేశాను. ఇంట్లో వదిలితే మెట్ల మీద నుంచి లేవదు. అందుకని ఏడున్నరకు వ్యానులో నాతోపాటు బజారుకు తెచ్చేదాన్ని. బల్ల వెనక పరదా గుడ్డల చుట్టల మీద కూర్చోబెట్టేదాన్ని. పక్క కొట్టు క్లిఫ్‌ది, గుడ్లూ జున్నూ అమ్ముతాడు, అరవై ఎనిమిదేళ్లు. రోజూ ఒక అల్లం బిస్కట్టు అందించేవాడు. తొమ్మిదికో, తొమ్మిదీ పావుకో దాని పెదవులకు రంగు వచ్చేది. అప్పుడు సంచీ భుజాన వేసుకుని, మాంసం కొట్ల మధ్య నుంచి బయటపడి, కొండ మీద బడికి నడిచేది. "తొందరపడకు, నెమ్మదిగా ఎక్కు, వెళ్లడం ముఖ్యం" అనేదాన్ని. అలా వెళ్లిన రోజు గెలిచినట్టే లెక్క. మరీ బాగాలేని రోజు ఇంటికి తిరిగి తీసుకుపోయి, బడికి ఫోను చేసి చెప్పేదాన్ని. నోటితోనే. బజారులో మాటే రసీదు. కాగితం మీద రాసిమ్మంటే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు.

నవంబరులో ఒక ఉదయం కౌన్సిల్ హాజరు అధికారిణి మిస్ బ్రాడ్లీ వచ్చింది. ఆ క్షణాన ఒకావిడకు పరదా గుడ్డ కొలుస్తున్నాను, ఆరు గజాలు. టెస్సా లేచి రెండో కొస పట్టుకుంది. మిస్ బ్రాడ్లీ ఏమీ కొనలేదు. చూసింది, రాసుకుంది, వెళ్లింది.

ఫిబ్రవరిలో సమన్లు వచ్చాయి. బిడ్డ బడికి క్రమంగా వెళ్లడం లేదని తెలిసీ ఊరుకున్న నేరం. పైన నా పేరు ఒక్కటే, లోర్నా హిండిల్ అని. టెస్సా తండ్రి రెండు ఊళ్ల అవతల కాపురం ఉంటున్నాడు. ఆయనకు కాగితం వెళ్లలేదు, ఎందుకంటే బడి దగ్గర ఉన్న చిరునామా నాది. సమన్లతో ఇంకొక్క కాగితం ఉంది. నూట యాభై పూటలకు నలభై ఆరు పూటలు గైర్హాజరు. ఏ రోజులో లేదు, ఎందుకో లేదు. తప్పు ఒప్పుకుంటున్నారా, లేదా, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టమన్నారు. ముందే ఒప్పుకుంటే జరిమానాలో మూడో వంతు తగ్గింపు.

మూడో వంతు తగ్గింపు అని రాసి ఉంటే నా చెయ్యి దానంతట అదే పెన్ను వెతుకుతుంది. వెతికింది కూడా. టెస్సా నా భుజం మీద నుంచి చదువుతోంది.

"ఒప్పుకుంటావా?" అంది.

"చవగ్గా పోతుంది కదే."

"అయితే నేను కావాలనే ఎగ్గొట్టానని నువ్వూ అన్నట్టే."

"నేనలా అనడం లేదు."

"కాగితం అంటుంది. కింద నీ సంతకం ఉంటుంది."

పెన్ను పక్కన పెట్టాను. తెలియని సరుకును తడిమి చూడకుండా కొనడం మా ఇంట్లో లేదు.

మా బజారు మంగళవారం మూత. కోర్టులో బడి కేసులు వచ్చేది మంగళవారం విడిచి మంగళవారం. నా వంతు వచ్చేలోగా మూడు మంగళవారాలు వెళ్లి జనం కూర్చునే బెంచీల మీద కూర్చున్నాను. సరుకు రాసుకునే పుస్తకంలో వెనక నుంచి రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిది కేసులు. అందులో తల్లులు ముప్పై మూడు మంది. ఒక్కో కేసుకు సగటున నాలుగు నిమిషాలు. నేను ఒక దిండు గలీబుకు గుడ్డ కోయడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. కోర్టుకు రానివాళ్లకు పడిన జరిమానా, వచ్చి ఏడ్చినవాళ్లకు పడిందీ దాదాపు ఒకటే. ఏడ్చినవాళ్లకు కాగితపు రుమాలు మాత్రం అదనం. కౌన్సిల్ లాయరు అందరికీ ఒకే ఐదు వాక్యాలు చదివాడు, పేర్లు మార్చి. అతని పేరు ఫెల్. పడుచువాడు, మంచి బూట్లు.

మూడో మంగళవారం ఒక బస్సు డ్రైవరు నిలబడి, "ఏ రోజులండీ?" అని అడిగాడు. అంతే అడిగాడు. ఫెల్ కాగితాలు తిరగేశాడు. దొరకలేదు. ముగ్గురు మెజిస్ట్రేట్లూ తలలు దగ్గర పెట్టుకుని వాయిదా వేశారు. ముప్పై ఎనిమిది మందిలో ఆ బల్లను ఒక్క అంగుళం జరిపినవాడు అతనొక్కడే. పుస్తకంలో ఆ ప్రశ్న కింద రెండు గీతలు గీశాను.

మార్చిలో నా వంతు. పిలవడానికి ముందు ఫెల్ వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మిసెస్ హిండిల్, ఒక మాట. పిల్ల క్రమంగా రాలేదన్న చిన్న నేరానికి మీరు ఒప్పుకోండి, తెలిసీ ఊరుకున్నారన్న పెద్దది మేం వదిలేస్తాం. మూడో వంతు తగ్గింపు ఎలాగూ ఉంటుంది. పది నిమిషాల్లో బయటపడతారు."

అరవై అని ధర సుద్దతో రాసి, కొట్టేసి, పక్కన నలభై అని నేనూ రాస్తాను. అరవైకి అది ఎప్పుడూ అమ్మింది లేదు. గుడ్డ తాకకముందే అమ్మేవాడు ధర దించాడంటే సరుకులో ఏదో ఉంది.

"ఏ రోజులండీ?" అన్నాను.

"ఏమిటి?"

"నలభై ఆరు పూటలన్నారు. అవి ఏ రోజులు?"

"అది... మొత్తం ధ్రువీకరించిన సంఖ్యండీ."

"నేను మొత్తం ఎన్ని గజాలు అమ్మానో చెప్పను కదా, ఎవరికి ఎంత కోశానో చెబుతాను. నాకూ అలా చెప్పండి."

తప్పు ఒప్పుకోవడం లేదని లోపల మెజిస్ట్రేట్లతో చెప్పాను. విచారణ జూనుకు వేశారు. బయటికొచ్చేటప్పుడు ఫెల్ నాకు తలుపు పట్టుకున్నాడు. "తగ్గింపు పోయినట్టేనండీ" అని గుర్తు చేశాడు.

రోజుల లెక్క కోసం బడికి రాశాను. కౌన్సిల్‌ను అడగమన్నారు. కౌన్సిల్‌ను అడిగాను. రిజిస్టరు బడి సొత్తు అన్నారు. బడికి మళ్లీ రాశాను. మీ ఉత్తరం అందింది, పదిహేను పనిదినాల్లో జవాబిస్తాం అని జవాబు. పదిహేను రోజులూ అయ్యాక, ఈస్టరు సెలవులు పనిదినాలు కావు అని ఇంకో జవాబు.

క్లిఫ్ గుడ్లు అట్టల్లో సర్దుతూ నవ్వాడు. "కోడిని పట్టుకుని తోక ఏదని అడుగుతున్నావు తల్లీ. అది తిరుగుతూనే ఉంటుంది."

"నువ్వయితే ఏం చేసేవాడివి?"

"ఒప్పేసుకుని, డబ్బు పారేసి, వాళ్ల మొహాన చెడిపోయిన గుడ్డు కొట్టేవాణ్ణి."

"దానికి ఇంకో కేసు."

"అదైనా ఏ రోజో తెలుస్తుంది."

చివరికి కాగితాలు ఇచ్చింది గ్లెనిస్. బడి ఆఫీసులో పనిచేస్తుంది. పిల్లల నాటకానికి ఎర్ర మఖమలు కొనడానికి ఏప్రిల్ చివర్లో కొట్టుకు వచ్చింది. ఎనిమిది గజాలు కోశాను, ఎనిమిది వేళ్లతో. చుట్టి ఇస్తుంటే అడిగాను.

"గ్లెనిస్, ఒకటి చెప్పు. నా బిడ్డ రిజిస్టరు నేను చూడకూడదా?"

"ఎందుకు చూడకూడదూ? ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ ఇవ్వలేదు."

"అడిగింది నన్ను కాదుగా మరి. రేపు పంపిస్తా."

రెండు నెలలు ఉత్తరాలు రాసిన పని నాలుగు మాటల్లో అయింది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు.

ఏడు పేజీలు వచ్చాయి. రోజుకు రెండు గళ్లు, పొద్దుటి పూట ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వచ్చిన పూటకు ఏటవాలు గీత. రాని పూటకు ఇంగ్లీషు ‘ఓ’ అనే అక్షరం. ఇవి కాక యూ అనే అక్షరం ఒకటి, పక్కన టైము. 9:34. 9:41. 9:26. అన్నీ పొద్దుటి గళ్లలోనే. అట్టడుగున సన్న అచ్చులో అర్థం ఉంది. రిజిస్టరు మూసిన తరవాత వచ్చుట, గైర్హాజరుగా పరిగణించబడును. రిజిస్టరు మూసేది తొమ్మిదీ ఇరవైకి.

కత్తెర కొనతో లెక్కపెట్టాను. ఓలు పదిహేడు. అవి నిజంగా ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉన్నవి. యూలు ఇరవై తొమ్మిది.

ఆ ఇరవై తొమ్మిది ఉదయాలూ నాకు తెలుసు. అల్లం బిస్కట్టు తిని, రంగు తెచ్చుకుని, సంచీ వేసుకుని వెళ్లిన ఉదయాలు అవి. మేం గెలిచామనుకున్నవి. ఎనిమిదీ యాభైకి గంట కొట్టే బడికి కొంచెం ఆలస్యంగా వెళితే ఆలస్యం అని రాస్తారనుకున్నాను, లేదు అని రాస్తారనుకోలేదు. గీత దాటాక ఒక వేలు ఉంటుందనుకున్నాను. కొలిచే ప్రతివాడూ నాలాగే కోస్తాడని నలభై ఏడేళ్లొచ్చినా నమ్మాను. నెమ్మదిగా ఎక్కు అన్నది నేనే. పరిగెత్తు అని ఉంటే వాటిలో పది గళ్లయినా మిగిలేవి.

టెస్సాకు చూపించకుండా ఉందామనుకున్నాను. బడి నుంచి వస్తూనే బల్ల మీద చూసేసింది. చాలాసేపు చదివింది.

"ఇది నేను బస్సు స్టాండు దగ్గర కక్కుకుని కూడా వెళ్లిన రోజు" అంది, ఒక గడి మీద వేలు పెట్టి. "రెండో పీరియడు లెక్కల పరీక్ష రాశాను. పద్నాలుగు వచ్చాయి ఇరవైకి."

"తెలుసు."

"రాని మనిషికి పద్నాలుగు ఎలా వేశారు?"

"కోర్టులో అడుగుతాను" అన్నాను.

"నేనూ వస్తా."

బడికి ఫోను చేసి అడిగాను. ఈసారి కాగితం మీద కూడా రాసి అడిగాను. కోర్టుకు రావడం సెలవుకు తగిన కారణం కాదట. వస్తే ఆ పూటకు ఓ పడుతుంది. అది విని క్లిఫ్ జున్ను కోస్తున్న తీగ ఆపేశాడు. కోసిన ముక్కను కాగితంలో చుట్టి పక్కన పడేశాడు.

జూను రెండో మంగళవారం ఒక్కదాన్నే వెళ్లాను. ముగ్గురు మెజిస్ట్రేట్లు. మధ్యలో తెల్లజుట్టు ఆవిడ. ఏడు పేజీలూ ఇచ్చాను. ఓ ఉన్నవి జబ్బు రోజులన్నాను. డాక్టరు చీటీ ఉందా అన్నారు. చీటీ కథ మొత్తం చెప్పాను. ఆవిడ ఓపికగా వింది. ఉందా, లేదా అని మళ్లీ అడిగింది. లేదన్నాను. తరవాత యూల సంగతి చెప్పాను. ఆ రోజుల్లో పిల్ల బడిలో ఉంది, సాయంత్రం దాకా ఉంది, పరీక్షలు రాసింది అన్నాను. మార్కుల కాగితం పెట్టాను.

ఆవిడ కళ్లజోడు తీసి, కింద కూర్చున్న కోర్టు సలహాదారును అడిగింది. "ఆలస్యంగా వచ్చిన పిల్ల రానట్టేనా?"

"రిజిస్టరు మూశాక వస్తే ఆ పూటకు రానట్టేనండీ. ఎప్పటి నుంచో అంతే."

ఫెల్ లేచాడు. మంచి బూట్లు అవే. "మిసెస్ హిండిల్, ఆ ఉదయాల్లో అమ్మాయి ఎక్కడుండేది?"

"నా కొట్లో. కడుపు కుదుటపడేదాకా. తొందరపడకు అనేదాన్ని."

"బడి ఎనిమిదీ యాభైకని మీకు తెలుసు."

"తెలుసు."

"తొందరపడకు అని మీరే చెప్పేవారు."

"చెప్పేదాన్ని. తొందరపెడితే అసలు వెళ్లేది కాదు."

"థాంక్యూ" అని కూర్చున్నాడు. అప్పటికి అర్థమైంది నాకు, అతనికి కావలసిన గజం నేనే కొలిచి, వేలు కూడా కలిపి ఇచ్చానని.

"నేనొకటి అడగాలి" అన్నాను. "ఆ ఇరవై తొమ్మిదీ, టైములతో సహా, ఎవరైనా పైకి చదవాలి."

"మా ముందున్నాయి, మేం చూశాం" అంది ఆవిడ.

"చూశారు. ఎవరూ పైకి అనలేదు."

ఆవిడ అటూ ఇటూ చూసి సలహాదారుకు తల ఊపింది. అతను చదివాడు. సెప్టెంబరు ఇరవై మూడు, తొమ్మిదీ ముప్పై నాలుగు. సెప్టెంబరు ముప్పై, తొమ్మిదీ ఇరవై ఆరు. ఇరవై తొమ్మిదికి రెండు నిమిషాలు పట్టింది. ఫెల్ తర్వాతి కేసు కాగితాలు సర్దుకుంటున్నాడు.

ముగ్గురూ లోపలికి వెళ్లి పావుగంటకు వచ్చారు. తెలిసీ ఊరుకున్నానన్నది నిలబడలేదు. పిల్ల క్రమంగా వెళ్లలేదన్నది మాత్రం నిలబడింది. "మీరు శ్రమపడ్డారని మాకు సందేహం లేదు" అంది ఆవిడ. "కానీ చట్టం శ్రమను కొలవదు." జరిమానా, ఖర్చులు, పేరు పక్కన నేరం.

బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. పెద్దది పోయింది, చిన్నది మిగిలింది. వరండాలో ఫెల్ చెప్పిన బేరమే, వీసమెత్తు తేడా లేకుండా. కాకపోతే అతను మూడో వంతు తగ్గిస్తానన్నాడు, నేను పూర్తి ధరకు కొన్నాను. పైన రెండు నెలల ఉత్తరాలు.

టెస్సా సాయంత్రం వచ్చింది. సంచీ దించకుండానే, "ఒప్పుకున్నావా?" అంది.

"లేదు."

"గెలిచామా?"

"లేదు. కానీ మొత్తం ఇరవై తొమ్మిదీ చదివించాను. టైములతో."

"బస్సు స్టాండుది కూడా?"

"అది పదకొండోది."

సంచీ దించింది. "ఇవాళ తొమ్మిదీ పద్దెనిమిదికి వెళ్లాను" అంది.

మర్నాడు బుధవారం, బజారు రోజు. తెల్లవారే కడుపు పట్టుకుంది. చుట్టల మీద కూర్చుంది. అల్లం బిస్కట్టు తింది. దాని కళ్లూ నా కళ్లూ బజారు గడియారం మీదే. ఇదివరకు ఆ గడియారం వైపు ఇద్దరం చూసేవాళ్లం కాదు. చూస్తున్నంతసేపూ దాని పెదవులు తెల్లగానే ఉన్నాయి. రంగు వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై ఒకటి.

"అమ్మా, రిజిస్టరు మూసేసి ఉంటారు."

"చూశాను."

"ఇప్పుడు వెళ్లినా, వెళ్లకపోయినా ఒకటే కదా?"

"లెక్క ఒకటే."

"అయితే మధ్యాహ్నం పూటకు వెళ్తాను. అది పడుతుంది. ఈలోపు నీకు కొస పట్టుకుంటా."

తెలివైన మాటే. నా కూతురు అనిపించుకుంది. పావలా రాని చోట సరుకు దించడం నేనూ చెయ్యను. బల్ల అవతల ఒకావిడ దుప్పటి గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది, నాలుగు గజాలు కావాలట. ఇత్తడి పట్టీ మీద పరిచాను. టెస్సా రెండో కొసకు చెయ్యి చాపింది.

"వదులు" అన్నాను. "బడికి వెళ్లు."

"ఎందుకు? యూనే పడుతుందిగా."

"పడనీ."

"నీకు మళ్లీ కాగితం వస్తుంది."

"వస్తే నేను చూసుకుంటాను. రెండో పీరియడు ఏముంది?"

"సైన్సు."

"అది మొదలవక ముందు వెళ్లు. నెమ్మదిగా ఎక్కు."

నన్ను ఒకసారి చూసి సంచీ తీసుకుంది. మాంసం కొట్ల మధ్య నుంచి దాని వీపు కనబడినంతసేపు కత్తెర గాల్లోనే పట్టుకున్నాను. పరిగెత్తలేదు.

క్లిఫ్ గుడ్డును దీపానికి ఎదురుగా పట్టుకుని, దానిలోకి చూస్తూ అన్నాడు. "ముప్పయ్యోది. తెలిసి తెలిసి కొన్నావు. ఇంత చెడ్డ బేరం నీ జన్మలో చేసి ఉండవు."

"నీ గుడ్లు నువ్వు చూసుకో" అన్నాను.

దుప్పటి గుడ్డ ఆవిడ, "ఆలస్యమవుతోందా అమ్మాయికి?" అంది.

"అవును" అని, వేలికి అవతల కోశాను.